ఆరు నెలలు నిండిన బిడ్డకు మొలకల రాగి జావ

రాగి సంగటి లేనిదే పూట గడవని చిత్తూరు జిల్లాలో, బిడ్డ తొలి ఆహారం కోసం అంగట్లోని డబ్బా పొడులను వెదకవలసిన పనిలేదు. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. అయినా చాలా ఇళ్లలో జావను నీళ్లలా పలుచగా కాస్తారు. బిడ్డ పొట్ట చిన్నది కనుక ఆ నీళ్లతోనే నిండిపోతుంది, బలం మాత్రం అందదు. చిక్కగా కాస్తే బిడ్డ మింగలేదు.

ఈ ఇబ్బందిని మొలక తీరుస్తుంది. మొలకెత్తే గింజలో అమైలేజ్ అనే ఎంజైమ్ పెరిగి పిండిపదార్థాన్ని విడగొడుతుంది కాబట్టి, అదే నీటికి పిండి కాస్త ఎక్కువ వేసినా జావ ముద్దకట్టదు. ఇనుమును ఒంటికి అందనీయని ఫైటేట్లు కూడా కొంత తగ్గుతాయి.

రాళ్లు ఏరి కడిగిన రాగులను రాత్రంతా నానబెట్టి, తెల్లవారి నీళ్లు వంచేసి, శుభ్రమైన నూలు గుడ్డలో మూటగట్టి, తడి ఆరకుండా అప్పుడప్పుడు నీళ్లు చిలకరించాలి. తిరుపతి ఎండల్లో ఒక్క రోజుకే మొలక వస్తుంది. చలికాలంలో రెండు రోజులు పట్టవచ్చు. తెల్లని మొన కనబడితే చాలు. బూజు, జిగురు, ముక్కిపోయిన వాసన ఏ కొంచెం ఉన్నా మొత్తం పారవేయాలి. కడిగి వాడుకుందామనే పొదుపు పసిబిడ్డ విషయంలో తగదు. తరువాత గింజలను పలుచగా పరచి బాగా ఎండబెట్టి, మర పట్టించి, గుడ్డలో జల్లించాలి. గట్టిగా వేయిస్తే ఎంజైమ్ నశిస్తుంది. అప్పుడే మిరపకాయలు పట్టిన మరకు మాత్రం ఇవ్వకండి.

రెండు చెంచాల పిండిని చల్లని నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, సన్నని సెగ మీద ఆపకుండా కలుపుతూ పది నిమిషాలు ఉడికించాలి. చెంచా వంచినప్పుడు జావ నీళ్లలా జారిపోకుండా నిలవాలి. ఏడాది నిండేదాకా ఉప్పు, బెల్లం, చక్కెర వద్దు. పెద్దలు ముచ్చటపడినా తేనె అసలు నాకించరాదు, దానివల్ల ఆ వయసులో బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు.

మొదట్లో రోజుకు రెండుసార్లు, రెండు మూడు చెంచాల చొప్పున పెట్టి, ఎనిమిదో నెల నిండేసరికి 250 మిల్లీలీటర్ల గిన్నెలో సగం దాకా పెంచవచ్చు. తొమ్మిదో నెల నుంచి రోజుకు మూడు నాలుగు సార్లు పెట్టాలి. తల్లిపాలు రెండేళ్లు, ఆపైన కూడా కొనసాగించవచ్చు.

రాగి ఒక్కటే చాలదు. మెత్తగా ఉడికిన కందిపప్పు, గుడ్డు, కాస్త నెయ్యి వంతులవారీగా చేర్చాలి. ఉడికించిన టమాటా గుజ్జు కలిపితే ఇనుము బాగా ఒంటపడుతుంది. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతాన్ని కూడా వాడుకోవాలి. మన చేలల్లో పండే వేరుశనగను గింజలుగా ఐదేళ్ల లోపు పిల్లలకు పెట్టరాదు, గొంతులో ఇరుక్కుంటాయి. మెత్తగా నూరి జావలో కలపవచ్చు.

పిండిని తడి తగలని డబ్బాలో, పది పదిహేను రోజులకు సరిపడా మాత్రమే పట్టించి ఉంచుకోవాలి. కాచిన జావ బిడ్డ తిన్నాక మిగిలితే తిరిగి వేడిచేసి మరో పూటకు పెట్టకూడదు.