తోటలో ఎత్తు గడ్డి మొక్కలు – 3వ పాఠం: దుబ్బు కోత

నాటడం, మొక్కల మధ్య ఎడం గత పాఠంలో అయ్యాయి. ఇక ఏడాదికి ఒక్కసారి వచ్చే పెద్ద పని కోత. ఇందులో కత్తి పదును కన్నా అదను ముఖ్యం.

ఆకు ఎండగానే కోసేయాలనిపిస్తుంది. ఆగండి. ఆ ఎండు గడ్డే చలికాలమంతా దుబ్బు మొదలును కాపాడుతుంది. చలీ తడీ ఎక్కువుండే చోట ముందే కోస్తే మొదట్లో నీరు నిలిచి కుళ్లు పట్టవచ్చు. చలి వెనకబట్టాక, కొత్త పిలకలు పైకి లేవకముందే కొయ్యాలి. ఎండు కాడలను పక్కకు తోసి మొదట్లోకి చూడండి: పచ్చటి మొనలు అప్పుడే కనబడుతుంటే అదే అదను. ఆలస్యమైతే పాత కాడలతోపాటు ఆ మొనలూ తెగుతాయి. గడ్డి ఆకు అడుగు నుంచి పెరుగుతుంది కాబట్టి తెగిన కొన మళ్లీ రాదు. ఆ ఆకులు ఎంత ఎదిగినా చివర మొండిగానే ఉంటాయి.

అన్నిటినీ ఒకేలా కొయ్యకూడదు. మిస్కాంతస్, పానికమ్, కలమగ్రోస్టిస్ అనే గడ్డి రకాల పైభాగమంతా ఎండిపోతుంది కాబట్టి పూర్తిగా కోసేయవచ్చు. వీటిలో కలమగ్రోస్టిస్ తొందరగా చిగురిస్తుంది, దాన్నే ముందు ముగించండి. స్టైపా జైగాంటియా ఏడాది పొడవునా పచ్చగా ఉండే రకం. దాన్ని నేలమట్టంగా కోస్తే కోలుకోవడం కష్టం. పాత పూకాడలు తీసేసి, ఎండాకును చేత్తో దువ్వి లాగేస్తే చాలు. పాంపస్ గడ్డికీ ఏటా ఇంతే చేయండి.

కోసే ముందు చేతులు నిండుగా కప్పే చొక్కా, మందపాటి గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. పాంపస్ ఆకు అంచు రంపంలా కోస్తుంది. దుబ్బును సగం ఎత్తులో తాడుతో బిగించి కట్టండి; కోసింది చెదరకుండా ఒకే మోపుగా వస్తుంది. నేల నుంచి 10–15 సెం.మీ. వదిలి, పెద్ద కత్తెరతో చుట్టూ తిరుగుతూ కొద్దికొద్దిగా లోపలికి కొయ్యండి. కొడవలి వాడితే మొద్దుబారింది వద్దు, అది కాడను తెంపకుండా పిలకనే పెకలిస్తుంది.

కోశాక చుట్టూ 3–5 సెం.మీ. మందాన కంపోస్టు పరవండి, దుబ్బు మీద మాత్రం పడనివ్వకండి. యూరియా జోలికి పోవద్దు. నత్రజని ఎక్కువైతే కాడ మెత్తబడి, కంకి వేసే వేళకు దుబ్బంతా పక్కకు వాలిపోతుంది.

ఇప్పుడు మోడును పైనుంచి చూడండి. నడుమ పిలకల్లేక బోలుగా ఉన్న దుబ్బులకు గుర్తు పెట్టుకోండి. వాటిని తవ్వి విడదీయడం 4వ పాఠంలో.