హాలోవీన్ సాయంత్రం: భయపెట్టే వంటలు, కడుపు నింపే వంటలు

పిల్లలు దయ్యాల వేషాలు కట్టి ఇంటింటికీ తిరిగి మిఠాయిలు అడిగే పండుగ హాలోవీన్. ఆ నాడు వాళ్ళకు ముందు భోజనం పెట్టాలి, ఆ తర్వాతే వీధిలోకి పంపాలి. చాక్లెట్లతో సంచి నిండాక ఏ బిడ్డా పళ్ళెం వైపు చూడదు. అక్టోబరు 31న మా న్యూజెర్సీలో ఆరు దాటితే చీకటి పడుతుంది కాబట్టి, మా ఇంట్లో ఐదింటికల్లా వడ్డన మొదలవుతుంది.

నల్లరంగు, ఆకుపచ్చరంగు సీసాలు కొని పిండిలో కలపడం నాకు ఇష్టం ఉండదు. నాలుక నల్లబడుతుంది కానీ రుచేమీ రాదు. మనకు చేయి తిరిగిన వంటకే కళ్ళు పెడితే చాలు, అది దయ్యమై కూర్చుంటుంది. పైగా పిల్లలు ఎరిగిన రుచి కనుక వదలకుండా తింటారు.

వచ్చేవాళ్ళలో శాకాహారులు ఉంటే దుకాణంలోనే జాగ్రత్త పడాలి. పురుగుల ఆకారంలో అమ్మే గమ్మీలు (సాగే జెల్లీ మిఠాయిలు), మార్ష్‌మెలోలు, మొక్కజొన్న గింజల్లా ఉండే క్యాండీ కార్న్ చాలావరకు జెలటిన్‌తో చేస్తారు. అది జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసేది. ప్యాకెట్టు వెనక పెక్టిన్ (పండ్ల నుంచి తీసేది) అని ఉన్న గమ్మీలు తెచ్చుకోండి. 2024లో దీపావళి కూడా ఇదే రోజున వచ్చింది. అలాంటి ఏడాది ఈ జాగ్రత్త మరీ అవసరం.

ఇక్కడందరూ మాంసపు సాసేజీలతో చేసే మమ్మీలను, అంటే గుడ్డపట్టీలు చుట్టిన ఈజిప్టు శవాల బొమ్మలను, నేను పనీరుతో చేస్తాను. పనీరును వేలెడు పొడవు, వేలంత మందం ముక్కలుగా కోసి ఉప్పు, కారం, అల్లంవెల్లుల్లి ముద్ద, కాస్త చాట్ మసాలా పట్టించండి. పెనం మీద కొద్ది నూనెతో అన్నివైపులా వేయించండి. తడి ఆరకపోతే లోపలి పిండి ఉడకదు. తర్వాత ముక్కలు పూర్తిగా చల్లారాలి. వేడి ముక్కకు చుడితే పిండి కరిగి జారిపోతుంది. దుకాణంలో ఫ్రిజ్ అరలో డబ్బాల్లో దొరికే క్రెసెంట్ రోల్ (పొరల రొట్టె) పిండిని త్రికోణాలుగా విడదీయకుండా ఒకే పలకగా పరచి, అతుకులను వేళ్ళతో నొక్కి, పిజ్జా కోసే చక్రంతో అర అంగుళం వెడల్పు పట్టీలుగా కోయండి. పట్టీని అడ్డదిడ్డంగా చుట్టండి, ఒకచోట కళ్ళకు సందు వదలండి. చుట్టు ఎంత వంకరగా ఉంటే మమ్మీ అంత బాగుంటుంది, కనుక ఈ పని పిల్లలకే అప్పగించవచ్చు. పైన కరిగించిన వెన్న రాసి, 375 డిగ్రీల ఫారన్‌హీట్ వేడిలో 12 నుంచి 15 నిమిషాలు, బంగారు రంగు వచ్చేదాకా కాల్చండి. కళ్ళు మాత్రం కాల్చిన తర్వాతే పెట్టాలి. గట్టి పెరుగు రెండు చుక్కలు, వాటి మీద నల్ల ఆలివ్ ముక్కలు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి పొంగనాల కనుగుడ్లు. భారతీయ దుకాణాలుండే చోట, మా న్యూజెర్సీలోనైతే ఎడిసన్‌లోని ఓక్ ట్రీ రోడ్డులో, పొంగనాల పెనం సులువుగా దొరుకుతుంది. పులిసిన దోసెల పిండిలో ఉప్పు తప్ప మరేమీ వేయకండి. ఉల్లిపాయ, కొత్తిమీర వేస్తే తెల్లదనం పోతుంది. గుంటల్లో నూనె చుక్కలు వేసి, పిండి పోసి, సన్నని మంట మీద మూతపెట్టి ఉడికించండి. తిరగేయకండి. అడుగు ఎర్రగా కాలుతుంది, పైభాగం ఆవిరికి ఉడికి తెల్లగా ఉబ్బుతుంది. పుల్ల గుచ్చితే పిండి అంటకుండా రావాలి. చల్లారాక తెల్లభాగం పైకి పెట్టి, చుక్క గట్టి పెరుగుతో పల్చని కేరట్ బిళ్ళను అతికించండి. దాని నడుమ నల్ల ఆలివ్ ముక్క. టూత్‌పిక్‌ను టమాటా సాస్‌లో ముంచి అంచుల నుంచి వంకర గీతలు లాగితే ఎర్రని నరాలు వస్తాయి. వెడల్పాటి పళ్ళెంలో టమాటా పచ్చడి పరచి వాటిని అందులో కూర్చోబెట్టండి. పచ్చడిలో కారం తగ్గించండి, తినేది పిల్లలు.

గుమ్మడికాయ దీపాలకు బదులు నారింజరంగు బెల్ పెప్పర్లు (క్యాప్సికం) తీసుకోండి. కింద నాలుగు బుడిపెలున్నవైతే పడిపోకుండా నిలబడతాయి. తొడిమ భాగాన్ని మూతలా కోసి, గింజలు తీసి, చిన్న కత్తితో త్రికోణపు కళ్ళు, రంపపు పళ్ళ నోరు చెక్కండి. నోరు మరీ పెద్దదైతే అన్నం బయటికి రాలుతుంది. లోపల పులిహోర నింపండి. సందుల్లోంచి కనబడే ఆ పసుపు లోపల దీపం వెలుగుతున్నట్టే ఉంటుంది. పులిహోరకు వేడి చేయాల్సిన పని లేదు, పెప్పర్‌ను ఓవెన్‌లో పెట్టకండి, మెత్తబడి కూలుతుంది. వచ్చే పిల్లల్లో ఎవరికైనా వేరుశనగ పడదేమో పెద్దలను ముందే అడగండి. నేనైతే ఆ రోజు పోపులో పల్లీలు, జీడిపప్పు వేయను.

పండ్లకు పెద్ద శ్రమ అక్కర్లేదు. ఒలిచిన కమలాపండు మీద సెలరీ ముక్క గుచ్చితే గుమ్మడికాయ. సగానికి కోసిన అరటిపండుకు నిమ్మరసం రాసి చాక్లెట్ చిప్స్‌తో కళ్ళు పెడితే దయ్యం.

పంచ్‌లో (పండ్లరసాలు కలిపిన పానీయంలో) తేలే మంచు చేతిని ముందురోజు రాత్రే మొదలుపెట్టాలి. లోపల పౌడర్ లేని, లేటెక్స్ (రబ్బరు) కాని, వంటకు వాడదగిన గ్లవ్‌ను లోపల కడిగి, నీళ్ళు నింపి, మణికట్టు దగ్గర గట్టిగా ముడివేసి ట్రేలో ఫ్రీజర్‌లో పెట్టండి. మర్నాడు గోరువెచ్చని నీళ్ళు పోసి గ్లవ్‌ను కత్తెరతో కోసి తీయండి. లాగితే వేళ్ళు విరుగుతాయి. క్రాన్‌బెర్రీ రసం, కమలారసం, చివర్లో జింజర్ ఏల్ (అల్లం రుచి సోడా) కలిపి అందులో చేతిని వదలండి. డబ్బా లిచీల్లో బ్లూబెర్రీ దూర్చి వేస్తే అవీ కళ్ళే. కానీ నాలుగేళ్ళలోపు పిల్లలకు ఈ లిచీలను ముక్కలుగా కోసే ఇవ్వాలి, గొంతులో అడ్డుపడే పరిమాణం అది.

పొగ కోసం డ్రై ఐస్ తెస్తామని కొందరు ఉత్సాహపడతారు. అది గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్, దాదాపు మైనస్ 78 డిగ్రీల సెల్సియస్ చల్లదనం. తాకితే చర్మం గాయపడుతుంది, ముక్క మింగితే ప్రమాదం. మూసిన గదిలో ఆ వాయువు కూడా పేరుకుంటుంది. పిల్లలు తాగే గిన్నె దగ్గరికి దాన్ని నేను రానివ్వను.

మమ్మీలను ఉదయమే చుట్టి ఫ్రిజ్‌లో ఉంచి, నాలుగున్నరకు ఓవెన్‌లో పెట్టండి. పొంగనాలకు కళ్ళు కూడా అప్పుడే. బల్ల మీద మైనపు కొవ్వొత్తులు వద్దు, బ్యాటరీ దీపాలు పెట్టండి. మంత్రగత్తె వేషాల పొడవాటి చేతులు పళ్ళెం అందుకునేటప్పుడు మంట మీదుగానే వెళతాయి.