టైల్స్ కూలీ: అడుగుకి ఎంత ఇస్తే న్యాయం?

మా నాన్న టైల్స్ మేస్త్రీ. ఖమ్మంలో ఏ ఇంట్లో పని దొరికినా సెలవు రోజుల్లో నన్ను వెంట తీసుకెళ్లేవాడు. టేపు రెండో కొస పట్టుకోవడం, చెప్పిన కొలత నోటుబుక్కులో రాయడం నా పని. కిందటేడు మేమే ఇల్లు కట్టుకున్నప్పుడు ఆ లెక్కే నాకు అక్కరకొచ్చింది. చుట్టాల్లో ఎవరిల్లు మొదలైనా "అడుగుకి ఎంతివ్వాలమ్మా?" అని నాకే ఫోన్ చేస్తున్నారు. అందుకే రాస్తున్నాను.

పక్కింటివాళ్లు ఎంతిచ్చారో తెలుసుకోండి, కానీ దాన్నే పట్టుకుని బేరమాడకండి. ముందు రోజు కూలీ కనుక్కోండి. మా దగ్గర అప్పుడు మేస్త్రీకి 1100, హెల్పర్‌కి 750. అంటే జతకి రోజుకి 1850. ఇద్దరూ కలిసి రోజుకి ఎంత పరుస్తారన్నది రెండో సంగతి. రెండడుగుల టైలు, సిమెంటు మాలు మీద, ఖాళీ గదిలో అయితే నిదానంగా చేసినా 100 అడుగులు (ఇక్కడ అడుగంటే చదరపు అడుగే) అవుతుంది. 1850ని 100తో భాగిస్తే అడుగుకి పద్దెనిమిదిన్నర. దానిమీద కటింగ్ బ్లేడు అరుగుదల, బండి పెట్రోలు, మాలు ఆలస్యమై పోయే గంటలు ఉంటాయి. మేం 22 ఒప్పుకున్నాం. మా హాలు 12 బై 14, అంటే 168 అడుగులు, 3696 రూపాయలు. దాదాపు రెండు రోజుల పని. ఇంకో మేస్త్రీ 14కే చేస్తానన్నాడు. ఆ రేటుకి కూలీ గిట్టాలంటే రోజుకి 132 అడుగులు పరవాలి. పెద్ద హాలైతే కుదురుతుందేమో గానీ, మూలలూ గుమ్మాలూ ఉన్న చిన్న గదుల్లో మాలు సరిగ్గా సర్దకుండా పరిగెత్తితే తప్ప కాదు.

పరిగెత్తితే ఏమవుతుందో మా అత్తగారింట్లో చూశాను. తక్కువ రేటుకి దొరికాడని మామయ్య సంతోషపడ్డారు. రెండో ఎండాకాలంలో వంటగది గుమ్మం దగ్గర నాలుగు టైల్స్ గుడారంలా పైకి లేచాయి. ఒకటి తీసి చూస్తే నాలుగు మూలల్లోనూ మాలు అంటనే లేదు, నడుమ మాత్రం ఓ ముద్ద ఉంది. టైలుకీ టైలుకీ మధ్య సందు కూడా వదల్లేదు. మళ్లీ తవ్వి వేయించడానికి మొదట మిగిలినదానికంటే ఎక్కువే పోయింది.

బాత్రూంకి హాలు రేటు ఇస్తామనకండి. అది అన్యాయం. మా బాత్రూం 5 బై 8. నేల 40 అడుగులు. చుట్టుకొలత 26, గోడకి 7 అడుగుల ఎత్తు, అంటే 182. గుమ్మం పోగా 164న్నర. మొత్తం సుమారు 205 అడుగులు. కుళాయి పైపులకి చిల్లులు కొట్టాలి, మూలలు మూలమట్టానికి సరిచూడాలి, నీళ్లు పోయేలా నేలకి వాటం పెట్టాలి. జతకి రోజుకి 45 అడుగులే అయింది. మేం అడుగుకి 42 ఇచ్చాం: 8610. నాలుగున్నర రోజులు పట్టింది. రోజు కూలీతో గుణించి చూడండి, అది పోగా మేస్త్రీకి మిగిలింది మూడొందలు కూడా లేదు.

నాలుగు బై రెండు టైల్స్ మోయడానికే ఇద్దరు కావాలి, మట్టం కుదరడానికి క్లిప్పులు పెట్టాలి. పాత టైల్స్ కొట్టి తీయడం, చెత్త మోయించడం, పై అంతస్తుకి ఎక్కించడం వేరే పనులు. వీటికి వేరే డబ్బు అడిగితే తప్పుపట్టకండి. ముందే అడిగి కాగితం మీద రాయించుకోండి.

కొలత దగ్గరే ఎక్కువ గొడవలు వస్తాయి. నాన్న ఒకే మాట చెప్పేవాడు: "పరిచిందే కొలవాలి, కొన్నది కాదు." రెండడుగుల టైలు అంటాం గానీ అది 600 మిల్లీమీటర్లు, పూర్తి రెండడుగులు ఉండదు. నాలుగు టైల్స్ ఉన్న బాక్సుని 16 అడుగులంటారు, నిజానికి పదిహేనున్నర. బాక్సులు లెక్కపెట్టి కూలీ కడితే వెయ్యి అడుగుల ఇంటికి 30 అడుగులు పైనే తేడా వస్తుంది. పగిలినవీ, ముక్కలుగా పోయినవీ అందులోనే కలుస్తాయి. అందుకే టేపు పట్టి గది గదికీ కొలవండి. స్కర్టింగ్, అంటే గోడ అడుగున వేసే టైలు పట్టీ మాత్రం పొడవు అడుగుల్లో లెక్క. నాలుగు అంగుళాల పట్టీ అయితే మూడు పొడవు అడుగులకి ఒక చదరపు అడుగు అవుతుంది. ఆ లెక్క చెప్పకుండా ఎవరైనా చదరపు అడుగు రేటే పొడవు అడుగుకి అడిగితే ఆగి మాట్లాడండి. టైలు అంచుని గుండ్రంగా అరగదీసే మోల్డింగు, 45 డిగ్రీల కటింగు మాత్రం ఎక్కువ ఇవ్వాల్సిన పనే.

డబ్బు ఒకేసారి ఇవ్వకండి, ఆపి ఏడిపించకండి కూడా. మేం ప్రతి శనివారం సాయంత్రం అయిన పనిని ఇద్దరం కలిసి కొలిచి అప్పుడే ఫోన్‌పే చేశాం. పదో వంతు మాత్రం గ్రౌటింగ్ (టైల్స్ సందులు పూడ్చడం) అయ్యేదాకా ఆపాం, అదీ ముందే చెప్పి.

ఆఖరి రోజు నాన్న రూపాయి బిళ్ల పట్టుకుని మోకాళ్ల మీద కూర్చున్నాడు. ప్రతి టైలు మూల మీదా టక్ టక్ మని కొట్టాడు. నిండుగా ఉంటే గట్టి శబ్దం, గుల్లగా ఉంటే డొల్ల మోత. పూజగదిలో రెండు డొల్లగా మోగాయి. మేస్త్రీ ఏమీ అనుకోకుండా మర్నాడు పొద్దున్నే వచ్చి అవి తీసి, వెనక సిమెంటు పాలు నిండా పూసి మళ్లీ వేశాడు. ఆ తర్వాత బాత్రూంలో గుమ్మం వైపు నుంచి బకెట్ నీళ్లు పోశాం. నీళ్లు ఎక్కడా నిలవకుండా మూలన ఉన్న జాలీలోకి దిగిపోయాయి. అక్కడే నిలబడి మిగిలిన డబ్బులు పంపాను.