జియావోజీలు నీళ్లలో విచ్చుకోకుండా చేయడం ఎలా?

జియావోజీ అంటే పల్చటి మైదా అప్పంలో కీమా పెట్టి, అంచులు మూసి వండే చైనా వంటకం. ఇవి మోమోలు కావు, ముందే చెప్తున్నా. ఆవిరి మీద పెట్టేవాళ్లూ, పెనం మీద కాల్చేవాళ్లూ ఉన్నారు కానీ, నా లెక్కలో నీళ్లలో ఉడికినదే జియావోజీ. ఉత్తర చైనాలో చాంద్రమాన కొత్త సంవత్సరం ముందురోజు రాత్రి ఇంటిల్లిపాదీ కూర్చుని వీటిని చుడతారు. పాతకాలపు వెండి, బంగారు కడ్డీల ఆకారమట, అందుకే సిరి తెస్తాయని నమ్మకం.

అరకిలో మైదాలో పావు లీటరు చన్నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి గట్టిగా కలిపి, తడిగుడ్డ కప్పి అరగంట వదిలేయండి. లోపలికి కీమా (అక్కడ పంది మాంసం, నేను చికెన్ వాడతాను), క్యాబేజీ, అల్లం, ఉల్లికాడలు, సోయా సాస్, నువ్వులనూనె. ఇది మన గానుగ నూనె కాదు, వేయించిన నువ్వులతో తీసింది. గరం మసాలా జోలికి పోవద్దు. క్యాబేజీ తురుముకు ఉప్పు పట్టించి, పావుగంట తర్వాత నీరంతా పిండేయండి.

చిన్న ఉసిరికాయంత ఉండలు చేసి ఒత్తండి. పూరీలా అంతటా ఒకే మందం ఉంటే పనికిరాదు. ఎడమచేత్తో ముద్దను తిప్పుతూ, కర్రను అంచు నుంచి మధ్య వరకే నడపాలి. అంచు పల్చగా, నడుమ మందంగా వస్తుంది. పెద్ద రొట్టె ఒత్తి గ్లాసుతో కోసేస్తే పని తొందరగా అవుతుంది, నిజమే. కానీ అంచులు రెండూ కలిసిన చోట దళసరిగా, పచ్చిగా మిగిలిపోతుంది.

ఇక అసలు పని, అంచు మూయడం. మొదటిసారి హాస్టల్‌లో నేను చేసిన ముప్పైలో పదకొండు నీళ్లలో విచ్చుకుని, గిన్నె కీమా సూప్ అయిపోయింది. తప్పు లోపల పెట్టే కూర దగ్గరే. ఒక టీ స్పూనుకు మించి పెట్టకండి. ఆశపడి ఇంకాస్త కూరితే నూనె అంచుకు అంటుతుంది, నూనె తగిలిన పిండి ఎంత నొక్కినా అతుక్కోదు. అంటిందా, ఆ అప్పాన్ని పక్కన పెట్టేయండి. పొడి పిండి ఎక్కువ చల్లినా ఇదే గతి. అప్పుడు వేలు తడిపి అంచు చుట్టూ ఒక్కసారి రాయండి, చాలు. సగానికి మడిచి ముందు నడుమ నొక్కండి. ఆ తర్వాత ఒక పక్క మూసి, రెండో పక్క మూసే ముందు బొటనవేలితో పొట్ట మీద మెల్లగా ఒత్తి గాలి పోనివ్వండి. లోపల మిగిలిన గాలి వేడికి ఉబ్బి అతుకును విప్పేస్తుంది. కజ్జికాయల అచ్చు మాత్రం వాడకండి. దాని పళ్లు ఈ మెత్తటి పిండిని కోసేస్తాయి. మడతల అందం తర్వాత చూసుకోవచ్చు.

మరుగుతున్న నీళ్లలో వేసి, అడుగంటకుండా గరిటె వెనక వైపుతో తోయండి. పొంగు వచ్చినప్పుడల్లా అరకప్పు చన్నీళ్లు పోయాలి, ఇలా మూడుసార్లు. నీళ్లు అదేపనిగా తెర్లితే పైపొర చిరుగుతుంది, లోపల కీమా మాత్రం ఉడకదు. మూడో పొంగుకు తేలిన వాటిని తీసేయండి.

నంజుకోవడానికి జెన్‌జియాంగ్ (చైనాలో ఓ ఊరు) నల్ల వెనిగర్, దంచిన వెల్లుల్లి. కెచప్ పెట్టుకుని నాకు ఫోటోలు పంపకండి. మిగిలినవి పొద్దున్నే కాస్త నూనెలో అడుగు ఎర్రబడేదాకా కాల్చుకుంటే టిఫిన్ అయిపోయినట్టే.