పెరట్లో ముందు ఆ పెద్ద లైటు ఆపండి

పెరటిని రాత్రిపూట కాసేపు కూర్చోవాలనిపించేలా మార్చుకోవాలని అనుకోగానే చాలామంది లైట్ల దుకాణానికి బయలుదేరతారు. మీరు వెళ్ళకండి. ఇవాళ చీకటి పడ్డాక పెరట్లోని లైట్లన్నీ ఆపేసి, ఫోను ఇంట్లో వదిలి, ఒక కుర్చీ వేసుకుని అరగంట కూర్చోండి. చీకటికి కళ్ళు బాగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. మొదట్లో ఒకే నల్లటి ముద్దలా కనిపించేది నెమ్మదిగా చెట్టుగా, తీగగా, ప్రహరీగా విడిపోతుంది. పక్కింటి కిటికీ వెలుగు ఎంతవరకూ వస్తోంది, గాలి ఏ మూల ఆడుతోంది, దోమలు ఎక్కడ ముసురుతున్నాయి, ఎటు తిరిగి కూర్చుంటే వెనక నుంచి ఎవరో వస్తున్నట్టు గుబులు పుడుతోంది, ఇవన్నీ లోపలికి వెళ్ళాక ఒక కాగితం మీద గీసి పెట్టుకోండి. కొనాల్సిన వాటి జాబితా ఆ కాగితంలో నుంచే వస్తుంది. సాధారణంగా మీరు అనుకున్నదానికంటే చిన్నదే వస్తుంది.

నేను నాటకాలకు లైటింగ్ చేసేవాణ్ణి. రంగస్థలం మీద ఎక్కడ వెలుగు పడాలన్నది ఎవరైనా చెబుతారు. ఎక్కడ పడకూడదో తేల్చుకోవడానికే మా రిహార్సళ్ళు అయిపోయేవి. ఇప్పుడు తెలిసినవాళ్ళు పిలిస్తే వాళ్ళ పెరళ్ళకు వెళ్తుంటాను. అక్కడ నా మొదటి పని దాదాపు ఎప్పుడూ ఒకటే: నిచ్చెన వేయించుకుని గోడమీది ఫ్లడ్‌లైటు సంగతి చూడటం.

ఎత్తున బిగించిన ఆ తెల్లటి లైటు పెరటికి పెద్ద శత్రువు. అంత వెలుగు కంట్లో పడగానే కంటిపాప ముడుచుకుంటుంది. దాంతో లైటు పడని చోటంతా ఉన్నదానికంటే నల్లగా కనిపిస్తుంది. లైటు పెరిగినకొద్దీ పెరడు చిన్నదైపోతుందన్నమాట. "దొంగల భయం కదండీ" అంటారు ఇంటివాళ్ళు. చెట్టు వెనక అదే లైటు వల్ల పడే చిక్కటి నీడలో మనిషి నిలబడినా కనిపించడు, అది చూపించాక ఆ మాట మళ్ళీ అనరు. అలాగని దాన్ని పీకేయమని చెప్పను. దాని ముఖం నేలవైపు వంచి, కదలికను పసిగట్టే సెన్సర్ తగిలించి, విడిగా ఒక స్విచ్ పెట్టించండి. మీరు బయట కూర్చున్నంతసేపూ ఆ స్విచ్ ఆపి ఉండాలి. ఇంట్లో కిటికీ దగ్గరి ట్యూబ్‌లైటూ ఆ జాతిదే. పరదా లాగండి.

ఇప్పుడు కొనండి. బల్బు పెట్టెమీద రెండు అంకెలు చూడాలి. ఒకటి కెల్విన్, అంటే వెలుగు రంగును చెప్పే అంకె. అది 2700 గానీ అంతకంటే తక్కువ గానీ ఉండాలి. 2200 దొరికితే మరీ మంచిది, కొవ్వొత్తి వెలుగుకు దగ్గరి రంగు అది. 6500 అని రాసి ఉంటే ఆ పెట్టె తీసిన చోటే పెట్టేయండి. ఆ నీలితెలుపు వెలుగులో ఎంత అందమైన మొహమైనా జ్వరం నుంచి లేచినట్టు ఉంటుంది. రెండో అంకె ల్యూమెన్లు, వెలుగు ఎంతో చెప్పేది. పాతకాలపు 60 వాట్ల బల్బు దాదాపు 800 ల్యూమెన్ల వెలుగు ఇచ్చేది. నడకదారి పక్కన పెట్టే ఒక్కో చిన్న లైటుకు 100 చాలు. చెట్టు మొదట్లో పెట్టేదానికి రెండు మూడు వందలు. పెరడంతా ఒకే రంగు వెలుగు ఉండేలా చూసుకోండి; పసుపు లైట్ల మధ్య ఒక్క తెల్లటిది చేరినా కన్ను అక్కడికే పోతుంది. రంగులు మార్చేవి, ఆరి వెలిగేవి అసలే వద్దు. అవి ఆరిన ప్రతిసారీ మాట తెగుతుంది.

ఎక్కడ పెట్టాలన్నది అసలు విద్య. దీనికి నా పద్ధతి ఇది: ఏదీ బిగించకముందు ఇద్దరు మనుషులు, ఒక టార్చిలైటు కావాలి. ఒకరు అనుకున్న చోట కుర్చీలో కూర్చోవాలి, రెండోవారు టార్చి పట్టుకుని తిరగాలి. మా ఇంట్లో కుర్చీ మా ఆవిడది, టార్చి నాది. "ఇంకాస్త కిందికి పెట్టండి, కళ్ళలోకి కొడుతోంది" అని ఆవిడ అన్నంతసేపూ నేను కదులుతూనే ఉండాలి. బల్బు కనబడకూడదు, దాని వెలుగు పడిన వస్తువు మాత్రమే కనబడాలి. రంగస్థలమైనా పెరడైనా నేను పాటించే సూత్రం ఇదొక్కటే.

ఉదాహరణకు ఒక మూల పెద్ద మట్టి కుండీ ఉందనుకోండి. దాన్ని గోడకు ఒక అడుగు దూరం జరిపి, వెనక నేలమీద చిన్న లైటును గోడవైపు పైకి చూసేలా పెట్టండి. లైటు కనిపించదు. గోడమీద కింద చిక్కగా, పైకి పోయేకొద్దీ పలచగా వెలుగు పాకుతుంది. దానిమీద కుండీ, ఆకులు నల్లటి బొమ్మలా నిలుస్తాయి. అదే లైటును కుండీ ముందుకు తెచ్చి మొక్కమీదకు తిప్పితే ఆకుల నీడలు గోడెక్కుతాయి. లైటు మొక్కకు దగ్గరయ్యేకొద్దీ నీడలు పెద్దవవుతాయి, దూరమయ్యేకొద్దీ చిన్నవై అంచులు తేరతాయి. గాలి వీస్తే గోడ మొత్తం కదులుతుంది. లైటును రెట్టింపు దూరం జరిపితే దాని వెలుగు నాలుగో వంతుకు పడిపోతుందని గుర్తుంచుకుంటే బల్బు మార్చకుండానే ఎక్కువ తక్కువలు సరిచేసుకోవచ్చు. ఇలాంటిది ఒకటి కుర్చీలకు దగ్గర్లో, మరొకటి పెరటి చివర, ప్రహరీ దగ్గర ఉండాలి. చివరిదాన్ని చాలామంది మరిచిపోతారు. అది లేకపోతే కూర్చున్న చోటికి రెండడుగుల అవతల లోకం ముగిసిపోయినట్టు ఉంటుంది. మిగతా చోట చీకటిని వదిలేయండి.

తలపైన వేలాడే బల్బుల దండలు అందరికీ ఇష్టం, నాకూ కొంత ఇష్టమే. అవి కట్టేటప్పుడు బరువు వైరుమీద పడనీయకండి. ముందు సన్నటి స్టీలు తీగ లాగి, దానికి దండను కట్టండి. మనిషి చెయ్యెత్తినా అందకుండా, కనీసం రెండున్నర మీటర్ల ఎత్తున ఉండాలి. వెలుగు తగ్గించుకునే డిమ్మర్ ఉన్నవి తీసుకుని, బల్బులోని తీగ ఎర్రబడినట్టు కనిపించేంత వరకూ తగ్గించండి.

ఒక్క మెట్ల దగ్గర మాత్రం నా చీకటి సిద్ధాంతం చెల్లదు. ప్రతి మెట్టు అంచూ స్పష్టంగా కనిపించాలి. మెట్టు అంచు కిందుగా చిన్న పట్టీలైటు అంటిస్తే వెలుగు కింది మెట్టుమీద పడుతుంది, కళ్ళలోకి రాదు. మా అమ్మకు మోకాళ్ళ నొప్పులు. ఆవిడ తడుముకోకుండా, ఎవరినీ పిలవకుండా దిగి వచ్చి కూర్చుంటే ఆ పెరటి మెట్ల లైట్లు పాసైనట్టు నా లెక్క. మీ ఇంట్లో కూడా పెద్దవాళ్ళతోనే పరీక్ష పెట్టించండి, కుర్రవాళ్ళు ఎలాగైనా దిగుతారు.

కూర్చునే చోటికి వెనక ఏదో ఒక ఆసరా ఉండాలి. గోడ, తీగల పందిరి, గుబురు మొక్కల వరస, ఏదైనా సరే. వీపు భద్రంగా ఉండి ఎదుట ఖాళీ కనిపించే చోటే మనిషి స్థిమితపడతాడని బ్రిటిష్ భూగోళ శాస్త్రవేత్త జే యాపిల్టన్ 1975లోనే సిద్ధాంతం చేశారు. పెరటి నడిబొడ్డున వేసిన కుర్చీల్లో అతిథులు పదిహేను నిమిషాలకే లేచి నిలబడటం నేను చూస్తూనే ఉంటాను. ఎదురెదురు కుర్చీల మధ్య ఒకటిన్నర నుంచి రెండు మీటర్లు ఉంటే గొంతు పెంచకుండా మాట్లాడుకోవచ్చు. గ్లాసు పెట్టుకోవడానికి ప్రతి కుర్చీకీ చేతికందేంత దూరంలో ఒక చదునైన చోటు కావాలి. దానికి పెద్ద బల్లే అక్కర్లేదు. బోర్లించిన కుండీ, తిరగేసిన చెక్కపెట్టె అయినా సరిపోతుంది.

ఇక చలీ వేడీ. సిమెంటు గచ్చు పగలంతా ఎండను తాగి, రాత్రి చాలాసేపు దాన్ని వదులుతూ ఉంటుంది. వేసవిలో కుర్చీలు గచ్చు దాటి మట్టిమీదకో గడ్డిమీదకో జరపండి; చలికాలంలో తిరిగి గచ్చుమీదకు, గోడ పక్కకు రండి. కొనాల్సిన పనేమీ లేని ఉపాయం ఇది. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి నేలా, బట్టా, కుర్చీ తమ వేడిని ఆకాశంలోకి వదిలేసి చల్లబడతాయి, వాటిమీద మంచు దిగుతుంది. తలపైన కొమ్మగానీ గుడ్డ పందిరిగానీ ఉంటే ఆ చల్లబడటం తగ్గుతుంది. దిండ్లు తడవకుండా ఉండేది కూడా అందుకే. అయినా సరే, దిండ్లను రాత్రి బయట వదలకండి. తలుపు పక్కనే మూత ఉన్న పెట్టె ఒకటి పెట్టి, లేచేటప్పుడు అందులో పడేయండి. ఆ పెట్టె దూరంగా ఉంటే ఎవరూ పడేయరు.

దోమల సంగతి తేల్చకుండా ఎంత అలంకరించినా వృథా. గుడ్డు నుంచి దోమ బయటికి రావడానికి వెచ్చటి వాతావరణంలో వారం పది రోజులు చాలు. కాబట్టి వారానికోసారి పెరటిలో నిలిచిన నీళ్ళన్నీ పారబోయాలి. కుండీల కింది పళ్ళేలు, బోర్లించని బకెట్లు, మడతపడిన టార్పాలిన్, పైకప్పు నీటిగొట్టంలో ఆకులు అడ్డుపడి నిలిచిన చోటు, అన్నీ. తర్వాత ఒక స్టాండు ఫ్యాను తెచ్చి, దాని గాలి మోకాళ్ళ కిందుగా పోయేలా తిప్పిపెట్టండి. దోమ ఎగరడంలో చాలా బలహీనురాలు, ఫ్యాను గాలికి ఎదురీదలేదు. అది మనల్ని వెతుక్కునేది మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌నూ ఒంటి వాసననూ పట్టుకుని. గాలి ఆ రెంటినీ చెదరగొట్టేస్తుంది. నిమ్మగడ్డి కుండీ పక్కన పెట్టుకుంటే దోమలు రావంటారు. దాని ఆకులో నూనె ఉన్నమాట నిజమే, కానీ ఊరికే కుండీలో నిలబడి అది కాపలా కాయదు.

లైట్ల చుట్టూ తిరిగే పురుగులు వేరే జాతి. అవి వెలుగుకు మోజుపడి వస్తాయని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. 2024లో వెలువడిన ఒక పరిశోధన మరో కారణం చూపించింది: ఎగిరే పురుగులు ప్రకాశం ఉన్న వైపును ఆకాశమనుకుని వీపును అటు తిప్పుతాయి, పక్కనున్న బల్బు దగ్గర ఆ లెక్క తప్పి అక్కడే గిరగిరా తిరుగుతూ చిక్కుకుపోతాయి. పసుపు, కాషాయం వైపు ఉన్న వెలుగు వాటిని తక్కువగా ఆకర్షిస్తుంది. 2200 కెల్విన్ కావాలనడానికి ఇది రెండో కారణం.

మొక్కల్లో ఎర్రటివీ ఊదావీ రాత్రికి నల్లబడిపోతాయి. తెల్లటి పూలు, బూడిదరంగు ఆకులు కొద్దిపాటి వెలుగులోనూ కనిపిస్తాయి. రాత్రి పూసేవాటిలో చాలా మొక్కలు తెల్లగా, ఘాటైన వాసనతో ఉండటం చిమ్మటల కోసమే, అంటే రాత్రి తిరిగే సీతాకోకచిలుకల్లాంటి పురుగుల కోసం, వాటికి పరాగసంపర్కం చేసేవి అవే. మల్లె, నేల సంపెంగ, సంజె దాటాక విచ్చుకుని తెల్లవారేసరికి రాలిపోయే పారిజాతం, సాయంత్రం నుంచే తెరుచుకునే చంద్రకాంత. వీటిలో ఏదో ఒకటి రెండు చాలు. గాలి వచ్చే దిక్కున, కుర్చీకి కొన్ని అడుగుల దూరంలో పెట్టండి. పక్కనే పెట్టుకుంటే నేల సంపెంగ వాసన కొందరికి తలనొప్పి తెస్తుంది, మా ఆవిడకు తెస్తుంది.

నీటి చప్పుడు కావాలంటే చిన్న పంపుతో నీళ్ళు తిరిగే తొట్టి పెట్టుకోవచ్చు, రోడ్డు రొద కాస్త మరుగున పడుతుంది. పంపు ఆపి వదిలేస్తే మాత్రం అది దోమల పురిటిగది అవుతుంది. మంట వేసుకునేవాళ్ళు ఇంటికీ కొమ్మలకూ పందిరికీ కనీసం మూడు మీటర్ల దూరం పాటించండి, బాగా ఎండిన కట్టెలే వాడండి, పక్కన నీళ్ళ బకెట్ పెట్టుకోండి. చలిగా ఉందని నిప్పుల కుంపటిని లోపలికి తెచ్చి తలుపు వేసుకోవద్దు. దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, ప్రాణం తీస్తుంది.

కరెంటు గురించి రెండు ముక్కలు. దుమ్మునూ నీళ్ళనూ లైటు ఎంత ఆపగలదో దానిమీది ఐపీ అంకె చెబుతుంది. వాన తగిలే చోట ఐపీ 65 అని రాసిన లైట్లు వాడండి. చూరు కింద, చినుకులు మాత్రమే పడే చోట ఐపీ 44 సరిపోతుంది. నేలమీద, మొక్కల మధ్య పెట్టేవి 12 వోల్టులవైతే భయం తక్కువ, వాటి ట్రాన్స్‌ఫార్మర్ పొడిగా ఉండే చోట బిగించాలి. ఫ్యానుకూ పంపుకూ మామూలు కరెంటే కాబట్టి, పెరటి లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్, ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌ను అడగండి. ఉంటే దానిమీది టెస్ట్ బటన్‌ను నెలకోసారి నొక్కి చూడండి. నొక్కగానే కరెంటు పోవాలి, పోకపోతే వెంటనే మార్పించండి.

వైర్లు లాగలేనివాళ్ళకు సోలార్ లైట్లున్నాయి. నడకదారికి అవి బాగానే పనికొస్తాయి, చెట్టు నీడలో పెట్టనంత వరకూ. ఇంకో లైటు వెలుగు వాటిమీద పడితే పగలనుకుని వెలగవు, ఆ సంగతీ చూసుకోండి. ఒకటి రెండేళ్ళకు మసకబారితే పారేయొద్దు. ముందు పలక మీది దుమ్ము తడిగుడ్డతో తుడవండి. అయినా పుంజుకోకపోతే కింద స్క్రూలు విప్పండి. చాలావాటిలో తిరిగి ఛార్జి అయ్యే 1.2 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. అదే రకం, అదే కొలత కొత్తది వేసి బిగించండి. గడియారంలో వేసే మామూలు సెల్ వేస్తే అది కారి లోపలంతా పాడుచేస్తుంది.