బడి హామీ పత్రంపై సంతకం పెట్టే ముందు చదువు షరతులను చదివే తీరు

ప్రైవేటు బడిలో పిల్లలను చేర్చేటప్పుడు తల్లిదండ్రులు ఫీజు వివరాలను రెండుసార్లు లెక్కవేసుకుంటారు గానీ, దరఖాస్తు ఫారం వెనక చిన్న అక్షరాలతో అచ్చువేసిన హామీ పత్రాన్ని మాత్రం ఆఫీసు గుమస్తా వేలు పెట్టి చూపించిన చోటల్లా చదవకుండానే సంతకం చేసి ఇచ్చేస్తారు. మా అమ్మాయిని ఆరో తరగతిలో చేర్చినప్పుడు నేను చేసిందీ అదే. దాదాపు నాలుగేళ్ల తరువాత, తొమ్మిదో తరగతి చివరి పరీక్షల్లో ఆమెకు గణితంలో మార్కులు తగ్గినప్పుడు, పదో తరగతికి వేరే బడి చూసుకొమ్మని చెబుతూ ప్రిన్సిపాల్ గారు బల్ల మీద పెట్టిన కాగితం అదే. "పాఠశాల నిర్దేశించిన విద్యా ప్రమాణాలను అందుకోలేని పక్షంలో యాజమాన్యం తీసుకునే ఏ నిర్ణయానికైనా కట్టుబడి ఉంటాము" అనే వాక్యం కింద నా సంతకం ఉంది. ఆ ప్రమాణాలు ఏమిటో, అవి ఎక్కడ రాసి ఉన్నాయో చూపించమని నేను ఉత్తరం రాసి ఇచ్చాను. చూపించడానికి వారి దగ్గర ఏ కాగితమూ లేకపోవడంతో టీసీ మాట అక్కడితో ఆగిపోయింది. అయితే ఆ ప్రశ్న వేయవలసింది నాలుగేళ్ల కిందట, సంతకానికి ముందు.

మొదట చేయవలసిన పని కాగితాలన్నీ ఒకచోట పెట్టుకోవడం. చదువుకు సంబంధించిన షరతులు ఒక్క హామీ పత్రంలోనే ఉండవు. కొన్ని విద్యార్థి డైరీ మొదటి పేజీల్లోనూ, కొన్ని బడి వెబ్‌సైటులోనూ, కొన్ని ఫీజు రసీదు వెనకా ఉంటాయి. హామీ పత్రంలో "పాఠశాల నియమాలన్నింటికీ కట్టుబడి ఉంటాము" అని రాసి, ఆ నియమాలున్న డైరీని బడి తెరిచాక జూన్‌లో చేతికిస్తారు. అందువల్ల నిరుటి డైరీ ఒకటి చూపించమని ముందే అడగాలి. ఇది సర్కారు బడిలో తలెత్తే సమస్య కాదు గనుక ఇక్కడ ప్రైవేటు బడుల గురించే చెబుతున్నాను.

తరువాత పెన్సిలు పట్టుకుని ప్రతి అంకె కిందా, "లేనిపక్షంలో" అన్న మాట ఉన్న ప్రతి చోటా గీత గీయండి. "విద్యార్థి ప్రతిరోజూ ఇంటిపని పూర్తిచేయాలని ఆశిస్తున్నాము" అన్నది అపేక్ష మాత్రమే. "లేనిపక్షంలో" అన్న మాటతో మొదలయ్యేది షరతు. అపేక్ష ఎంత పెద్దదైనా అభ్యంతరం అక్కర్లేదు. షరతు దగ్గర మాత్రం ఆగి, దాన్ని ఎవరు నిర్ణయిస్తారు, ఏ కొలతతో నిర్ణయిస్తారు, నెరవేరకపోతే ఏమవుతుంది అన్న మూడు సంగతులూ ఆ వాక్యంలోనే ఉన్నాయో లేదో చూడాలి. మా కాగితంలో మూడోది మాత్రమే ఉంది, అదీ "ఏ నిర్ణయమైనా" అన్న రూపంలో.

హాజరు షరతును పరిశీలించడం తేలిక. సీబీఎస్‌ఈ బోర్డు పరీక్షలకు కావలసిన హాజరు 75 శాతం. అనారోగ్యం వంటి బలమైన కారణాలకు ఆధారాలు చూపితే సడలింపు అడిగే వీలుంది. 220 పనిదినాలున్న సంవత్సరంలో 75 శాతమంటే 165 రోజులు. బడి 90 శాతం కోరితే తప్పు లేదు, కానీ 85 శాతం వచ్చిన పిల్లవాడి విషయంలో ఏం చేస్తారో, జ్వరం వచ్చినప్పుడు సెలవుచీటీ ఎన్ని రోజుల్లో ఇవ్వాలో రాసి ఉండాలి. బోర్డు అడిగే హాజరు వేరు, బడి కోరే హాజరు వేరు. ఈ రెండింటినీ కలిపి ఒకే వాక్యంలో రాసిన పత్రం కనిపిస్తే విడదీసి చెప్పమనండి.

మార్కుల షరతు దగ్గర ఎక్కువసేపు ఆగాలి. మన రెండు రాష్ట్రాల పదో తరగతిలో సబ్జెక్టు గట్టెక్కడానికి 35 మార్కులు, ద్వితీయ భాషగా హిందీకి 20 చాలు. సీబీఎస్‌ఈలో 33 శాతం. బడి తన హామీ పత్రంలో 60 శాతం అని రాసుకున్నంత మాత్రాన అది ఉత్తీర్ణత ప్రమాణం అయిపోదు. ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా విద్యాహక్కు చట్టం, 2009 పిల్లలకు అండగా ఉంటుంది. 2019లో సవరించిన 16వ సెక్షన్ ప్రకారం అయిదు, ఎనిమిది తరగతుల చివర పరీక్ష పెట్టాలి. తప్పినవారికి అదనపు బోధన చేసి, ఫలితాలు వచ్చిన రెండు నెలల లోపు మళ్లీ పరీక్ష రాసే అవకాశం ఇవ్వాలి. అప్పటికీ తప్పితే అదే తరగతిలో ఉంచడానికి బడులకు అనుమతి ఇవ్వాలా వద్దా అన్నది ప్రభుత్వం తేల్చవలసిన విషయం. మిగతా తరగతుల్లో ఆపడానికి ఆ సెక్షన్‌లో చోటే లేదు. ఎలిమెంటరీ విద్య పూర్తయ్యేవరకు ఏ పిల్లవాడినీ బడి నుంచి తీసివేయకూడదని కూడా అందులోనే ఉంది. చేర్చుకునేటప్పుడు పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ వడపోత పరీక్ష పెట్టడం 13వ సెక్షన్ కింద నిషిద్ధం. మొదటిసారి తప్పుకు 25 వేల రూపాయల దాకా, ఆ తరువాత ప్రతి తప్పుకూ 50 వేల దాకా జరిమానా ఉంది. చట్టం ఉద్దేశానికి గండికొట్టే ఒప్పందం చెల్లదని 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 23వ సెక్షనే చెబుతోంది గనుక, ఆరో తరగతి పిల్లను మార్కుల కోసం పంపించివేసే షరతు కింద మీరు సంతకం చేసినా దానికి బలం రాదు. ఒక్క మినహాయింపు గుర్తుంచుకోవాలి: 2014లో సుప్రీంకోర్టు ఇచ్చిన ప్రమతి తీర్పు తరువాత మైనారిటీ విద్యాసంస్థలకు విద్యాహక్కు చట్టం వర్తించడం లేదు.

తొమ్మిదో తరగతికి వచ్చేసరికి ఈ రక్షణ పలచబడుతుంది. పదో తరగతి ఫలితాల ఫ్లెక్సీ మీద నూటికి నూరు శాతం అని వేయించుకోవాలన్న తాపత్రయం ఉన్న బడులు బలహీనులను వదిలించుకునేది ఇక్కడే కాబట్టి, చిన్న తరగతిలో చేర్చేటప్పుడే తొమ్మిది, పది తరగతుల నియమాలు అడిగి చదవాలి. "ప్రీఫైనల్‌లో తప్పితే హాల్ టికెట్ ఇవ్వబడదు" అన్న వాక్యం కొన్ని చోట్ల కనిపిస్తుంది. అర్హత ఉన్న విద్యార్థులను పరీక్షకు వెళ్లకుండా ఆపరాదని సీబీఎస్‌ఈ పరీక్షల నిబంధనలు బడి పెద్దలకు స్పష్టంగా చెబుతున్నాయి. అది సీబీఎస్‌ఈ బడి అయితే ఆ వాక్యాన్ని కొట్టివేయమని అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

ఇంతవరకు చెప్పినదంతా పిల్లలు ఏం చేయాలన్న దాని గురించే, ఎందుకంటే ఈ పత్రాల్లో ఉండేది అంతే. బడి ఏం చేస్తుందన్నది సాధారణంగా ఒక్క ముక్క కూడా ఉండదు, నిజానికి బేరం ఆడవలసింది అక్కడ. అడగడానికి చట్టంలోనే ఆధారం ఉంది. విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ ప్రకారం ఉపాధ్యాయులు వేళకు రావాలి, సిలబస్‌ను నిర్ణీత గడువులో పూర్తిచేయాలి, ప్రతి పిల్లవాడి గ్రహణశక్తిని అంచనా వేసి అవసరమైతే అదనంగా బోధించాలి, తల్లిదండ్రులతో క్రమంగా సమావేశాలు జరపాలి. అదే చట్టం షెడ్యూలులో ఒకటి నుంచి అయిదు తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు. ఆరు నుంచి ఎనిమిదికి 220 పనిదినాలు, 1,000 గంటలు అని ఉంది. తెలంగాణలో అయితే 2018 నాటి చట్టం ప్రకారం తెలుగు బోధన తప్పనిసరి గనుక, తెలుగు పీరియడ్లు వారానికి ఎన్నో టైంటేబుల్ చూసి తెలుసుకోండి.

నేను రెండోసారి, మా అబ్బాయిని చేర్చేటప్పుడు, "యాజమాన్యం తీసుకునే ఏ నిర్ణయానికైనా" అన్న వాక్యానికి బదులు ఈ కిందిది రాసి ఇచ్చాను: "ఏ సబ్జెక్టులోనైనా వరుసగా రెండు పరీక్షల్లో 50 శాతం కంటే తక్కువ వస్తే, పాఠశాల వారం రోజుల్లో ఆ సంగతి మాకు రాతపూర్వకంగా తెలిపి, ఆరు వారాల పాటు వారానికి రెండు పీరియడ్లు అదనంగా బోధించి, తిరిగి పరీక్ష నిర్వహిస్తుంది, ఇంటి దగ్గర రోజూ ఒక గంట చదివించే బాధ్యత మాది." బడివారు ఆరు వారాలను నాలుగు చేసి ఒప్పుకున్నారు. గొడవ పడితే ఇది వచ్చేది కాదని నా అనుమానం; మా వంతు బాధ్యతను కూడా అదే వాక్యంలో పెట్టడం పనిచేసింది.

ఆ బాధ్యత విషయంలో మనమూ నిజాయితీగా ఉండాలి. సీబీఎస్‌ఈ పదో తరగతిలో ప్రతి ప్రధాన సబ్జెక్టులోనూ 20 మార్కులు అంతర్గత మూల్యాంకనానివి. ప్రాజెక్టు చార్టును స్టేషనరీ దుకాణంలో కొని తెచ్చి పిల్లవాడి పేరు రాయించి పంపే ఇంటికి, బడి మార్కులు ఎలా వేసిందని నిలదీసే నైతిక బలం ఉండదు. కాపీకి, ఇతరుల చేత చేయించిన పనికి ఏ శిక్ష ఉంటుందో, ఆ శిక్షకు ముందు పిల్లవాడి మాట వింటారో లేదో కూడా పత్రంలో చూసుకోండి. మార్కుల పేరుతో శారీరక దండన, మానసిక వేధింపు రెండూ విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కింద నిషేధం.

సంతకం చేసేటప్పుడు తేదీ వేయండి, మీరు కొట్టివేసిన చోట పొట్టి సంతకం పెట్టి ప్రిన్సిపాల్ గారి చేత కూడా పెట్టించండి, అక్కడికక్కడే జిరాక్సు తీసుకోండి. మార్పుకు ఒప్పుకోకపోతే, వేరే బడి చూసుకునే వీలు లేకపోతే, సంతకం పక్కన "అమలులో ఉన్న చట్టాలకు లోబడి" అని రాయండి. తరువాత వివాదం వస్తే ముందు ప్రిన్సిపాల్‌కు, ఆపైన మండల విద్యాధికారికి, జిల్లా విద్యాధికారికి రాతపూర్వకంగానే వెళ్లండి. ఎనిమిదో తరగతి లోపు పిల్లల విషయమైతే విద్యాహక్కు చట్టం 32వ సెక్షన్ కింద పంచాయతీ, మున్సిపాలిటీ వంటి స్థానిక అధికార సంస్థకు ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఉభయపక్షాలనూ విని మూడు నెలల్లో తేల్చాలి, అక్కడ న్యాయం జరగలేదనిపిస్తే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. ఆ ఫిర్యాదుకు జతచేయవలసిన మొదటి కాగితం మీరు తీసుకున్న ఆ జిరాక్సే.