టార్గెట్ అంటే పేరు కాదు, సీక్వెన్స్: లైసెన్స్ డీల్ మీద సంతకం పెట్టే ముందు

పోయిన నెల నాకు బాగా తెలిసిన ఒక చిన్న కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. రెండేళ్ళ కింద వాళ్ళ యాంటీబాడీ టెక్నాలజీని ఒక పెద్ద కంపెనీకి ఒకే ఒక్క టార్గెట్ (మందు ఒంట్లో పట్టుకునే ప్రొటీన్) వరకు ఎక్స్‌క్లూజివ్‌గా ఇచ్చారు, మిగతావన్నీ మన చేతిలోనే ఉన్నాయిలే అని నిశ్చింతగా ఉన్నారు. ఇప్పుడు అదే ఫ్యామిలీలోని ఇంకో ప్రొటీన్ మీద వేరేవాళ్ళతో డీల్ సంతకం దాకా వచ్చాక అవతలి లాయర్ పాత అగ్రిమెంట్ తెప్పించుకుని చదివి "దీన్ని మీరు ఇవ్వలేరు, రెండేళ్ళ కిందే ఇచ్చేశారు" అన్నాడట. తీసి చూస్తే టార్గెట్ అన్న చోట ఉన్నది ఒక పేరు, దాని వెనకాల "మరియు దాని వేరియంట్లు, ఫ్రాగ్‌మెంట్లు, హోమోలాగ్‌లు అన్నీ" అని ఒక తోక. అంతే ఉంది. డీల్ పోయింది, ఆ డబ్బు వస్తుందని మొదలుపెట్టిన పని కూడా ఆగింది.

ఇది నేను చూసిన మొదటి కేసు కాదు, అందుకే ఇప్పుడు రాస్తున్నా. ఏడాది చివరికొచ్చేసరికి జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగే జేపీ మోర్గాన్ హెల్త్‌కేర్ కాన్ఫరెన్స్ లోపు డీల్ అనౌన్స్ చేయాలని అందరికీ తొందర పుడుతుంది. ఆ తొందరలో రాయల్టీ శాతం గురించి మూడు వారాలు కొట్టుకుంటారు, టార్గెట్ డెఫినిషన్‌ని మాత్రం పాత అగ్రిమెంట్ నుంచి కాపీ చేసి పెడతారు. రాయల్టీ, టెరిటరీ, పేమెంట్ల గురించి నేను చెప్పను, అవి ఎలాగూ అందరూ చూసుకుంటారు. నేను చెప్పేది ఒక్కటే, పేరు రాసి వదిలేయొద్దు, సీక్వెన్స్ (ఆ ప్రొటీన్‌లోని అమైనో ఆసిడ్ల వరస) పెట్టండి.

పేరుతో వచ్చే చిక్కు

ఒక ప్రొటీన్‌కి నాలుగు పేర్లు ఉండటం పెద్ద సమస్య కాదు. హెర్2 అన్నా, ఈఆర్‌బీబీ2 అన్నా, న్యూ అన్నా, సీడీ340 అన్నా ఒకటేనని ఎవరైనా వెతికి తేల్చుకోగలరు. ప్రమాదం దీనికి రివర్స్‌లో ఉంది, ఒకే పేరు కింద రెండు వేర్వేరు వస్తువులు ఉన్నప్పుడు. పీఎస్ఏ అంటే చాలామందికి ప్రోస్టేట్ యాంటిజెన్ గుర్తొస్తుంది, కానీ ప్యూరోమైసిన్-సెన్సిటివ్ అమైనోపెప్టిడేజ్ అనే ఇంకో ఎంజైమ్‌ని కూడా పేపర్లలో పీఎస్ఏ అనే రాస్తారు.

పోనీ జీన్ పేరు రాస్తే సరిపోదా అంటే, సరిపోదు. సీడీకేఎన్2ఏ అనే ఒక్క జీన్ నుంచి పీ16, పీ14ఏఆర్ఎఫ్ అని రెండు ప్రొటీన్లు వస్తాయి, రీడింగ్ ఫ్రేమ్ (జీన్ అక్షరాల్ని మూడేసి చొప్పున ఎక్కడి నుంచి చదవాలన్నది) వేరు కాబట్టి ఆ రెంటి అమైనో ఆసిడ్ వరసకి పొంతనే ఉండదు. జీసీజీ జీన్ చూడండి, ఒక పొడవాటి ప్రికర్సర్ (ముడి ప్రొటీన్) తయారై దాన్ని కోస్తే గ్లూకగాన్ వస్తుంది, జీఎల్‌పీ-1 వస్తుంది, జీఎల్‌పీ-2 వస్తుంది. బ్లడ్ షుగర్‌ని గ్లూకగాన్ పెంచుతుంది, జీఎల్‌పీ-1 తగ్గిస్తుంది. "ఫలానా జీన్ నుంచి వచ్చే ప్రొటీన్" అని రాసిన మనిషి ఇందులో ఏది ఇచ్చినట్టు?

ఇంక అసలైన ఉదాహరణ, నేను ప్రతి మీటింగ్‌లో చెప్పేది, క్లాడిన్ 18. దీనికి రెండు ఐసోఫారమ్‌లు (ఒకే జీన్ నుంచి వచ్చే కొద్దిపాటి తేడా ఉన్న రూపాలు), 18.1 ఊపిరితిత్తుల్లో ఉంటుంది, 18.2 కడుపులో. జోల్బెటుక్సిమాబ్ అనే కడుపు క్యాన్సర్ మందు 2024 మార్చిలో జపాన్‌లో, అదే ఏడాది అక్టోబర్‌లో అమెరికాలో అప్రూవ్ అయ్యింది, ఆ మందు విలువంతా అది 18.2ని పట్టుకుని 18.1ని వదిలేయడంలోనే ఉంది. ఇప్పుడు అగ్రిమెంట్‌లో "క్లాడిన్ 18" అని రాస్తే రెండూ ఇచ్చేసినట్టే. చాలామంది జాగ్రత్తపరులు ఇక్కడ యూనిప్రాట్ అనే ప్రొటీన్ల డేటాబేస్ నంబర్ వేసేసి హమ్మయ్య అనుకుంటారు, కానీ యూనిప్రాట్‌లో ఈ రెండు ఐసోఫారమ్‌లూ పీ56856 అనే ఒకే నంబర్ కింద ఉంటాయి! దాని వెనక డ్యాష్ పెట్టి 1, 2 అని ఉండే ఐసోఫారమ్ నంబర్ కూడా రాయకపోతే మీరు మళ్ళీ పేరు రాసినట్టే లెక్క. అందుకే నంబర్ రాయండి, ఐసోఫారమ్ నంబర్ రాయండి, అవి రాశాక కూడా మొత్తం అమైనో ఆసిడ్ అక్షరాల వరసని అనెక్షర్‌లో పెట్టండి. డేటాబేస్‌లో ఎంట్రీలు మారతాయి, కలిసిపోతాయి, ఏ ఐసోఫారమ్‌ని ముఖ్యమైనదిగా చూపించాలో కూడా వాళ్ళు మారుస్తుంటారు. మీ కాగితం మీద ఉన్న అక్షరాలు మారవు.

తోక

పేరు తర్వాత వచ్చే ఆ తోకే నా ఫ్రెండ్స్ కంపెనీని దెబ్బకొట్టింది. హోమోలాగ్ అనే మాట ఎందుకు వస్తుందంటే, మందుని ముందు కోతి మీద, ఎలుక మీద టెస్ట్ చేయాలి కాబట్టి ఆ జంతువుల్లో ఉండే అదే ప్రొటీన్ కూడా కవర్ అవ్వాలి, న్యాయమైన అవసరమే. కానీ దానికి సరైన మాట ఆర్థోలాగ్. హోమోలాగ్ అంటే ఒకే పూర్వీకుడి నుంచి వచ్చినవన్నీ, జీన్ డూప్లికేట్ అయ్యి మనిషిలోనే పుట్టిన అక్కచెల్లెళ్ళు కూడా, వాటిని పారాలాగ్ అంటారు. లాయర్ కోతిని తెద్దామని రాసిన మాట ఫ్యామిలీ మొత్తాన్ని లాక్కొచ్చింది. రెండు కంపెనీల్లో ఏ ఒక్క సైంటిస్ట్ ఆ లైన్ చదివినా పది సెకన్లలో పట్టుకునేవాళ్ళు, ఎవరికీ చూపించలేదు.

కొందరు తెలివిగా "80 శాతం సీక్వెన్స్ కలిసేవన్నీ" అని నంబర్ పెడతారు. కేఆర్ఏఎస్, ఎన్ఆర్ఏఎస్, హెచ్ఆర్ఏఎస్ అనే ఒకే ఫ్యామిలీ ప్రొటీన్లు తీసుకోండి. మొదటి 80 పైచిలుకు అమైనో ఆసిడ్లు మూడింట్లోనూ అచ్చం ఒకటే, మొత్తం పొడవు మీద చూసినా 80 శాతం పైనే కలుస్తాయి, అంటే ఒకటి ఇస్తున్నానని మూడూ ఇచ్చారు. పోనీ 90కి పెంచితే క్లాడిన్ 18.1, 18.2 దొరికిపోతాయి, తేడా అంతా మొదటి 69 అమైనో ఆసిడ్లలోనే కాబట్టి ఆ రెండూ 90 శాతం పైనే కలుస్తాయి. శాతం పెట్టడం తప్పని కాదు, పెట్టే ముందు ఆ ఫ్యామిలీ మొత్తాన్ని అలైన్ చేసి చూడకుండా పెట్టడం తప్పు.

మ్యూటెంట్ల (జీన్ మార్పుతో వచ్చిన రూపాల) సంగతి ఇంకా ఖరీదైనది. సోటోరాసిబ్ అనే క్యాన్సర్ మందు 2021 మేలో అమెరికాలో అప్రూవ్ అయ్యింది, అది కేఆర్ఏఎస్ 12వ స్థానంలో గ్లైసిన్ పోయి సిస్టీన్ వచ్చిన రూపాన్నే పట్టుకుంటుంది. అదే స్థానంలో అస్పార్టేట్ వచ్చిన రూపానికి వేరే కెమిస్ట్రీ కావాలి, అది వేరే మందు, వేరే మార్కెట్. "కేఆర్ఏఎస్ మరియు దాని అన్ని వేరియంట్లు" అని రాస్తే ఒక మ్యూటెంట్ డబ్బుకి అన్నీ పోయినట్టే. కొనేవాళ్ళ వైపు కూర్చున్నా ఇదే జాగ్రత్త కావాలి, తోక లేకుండా ఒట్టి సీక్వెన్స్ మాత్రమే ఉంటే ఒక్క అమైనో ఆసిడ్ తేడాతో మీకు ఇచ్చినవాడే అదే టార్గెట్‌ని ఇంకొకడికి అమ్ముకోగలడు. కాబట్టి తోక ఉండాలి, కానీ అందులో ప్రతి ముక్కా విడివిడిగా ఉండాలి: ఈ ఐసోఫారమ్‌లు లోపల, ఇవి బయట, ఈ మ్యూటేషన్లు లోపల, ఈ జంతువుల ఆర్థోలాగ్‌లు లోపల, ఫ్యామిలీలో ఈ ప్రొటీన్లు పేరుపేరునా బయట.

మ్యూటేషన్ రాసేటప్పుడు నంబర్ ఎక్కడి నుంచి లెక్కపెట్టారో కూడా రాయండి. సికిల్ సెల్ మార్పుని దశాబ్దాలుగా 6వ స్థానం అన్నారు, మొదటి మెథియోనిన్‌ని కూడా కలిపి లెక్కపెట్టే ఇప్పటి పద్ధతిలో అది 7. ఈజీఎఫ్ఆర్ అనే ప్రొటీన్‌లో 858 అని అందరూ చెప్పే మార్పే, 24 అమైనో ఆసిడ్ల సిగ్నల్ పెప్టైడ్ (తయారయ్యేటప్పుడు తెగిపోయే మొదటి ముక్క) తీసేసి లెక్కపెట్టిన పాత పేపర్లలో 834. అనెక్షర్‌లో సీక్వెన్స్ ఉంటే ఈ గొడవే ఉండదు, వేలు పెట్టి చూపించొచ్చు.

పట్టుకోవడం అంటే ఏంటి

"టార్గెట్‌ని బైండ్ అయ్యే ప్రొడక్ట్" అని రాస్తారు, ఎంత గట్టిగా బైండ్ అయితే అయినట్టో రాయరు. గాఢత పెంచుకుంటూ పోతే ఎంతో కొంత దేనికైనా అతుక్కునే మాలిక్యూల్స్ చాలా ఉంటాయి. ఏ అస్సే (టెస్ట్ పద్ధతి), ఏ కటాఫ్, ఎవరి ల్యాబ్‌లో, ఇవి మూడూ కావాలి. ఎటనర్సెప్ట్ అనే మందు టీఎన్ఎఫ్ అనే ప్రొటీన్‌ని పట్టుకుంటుంది, లింఫోటాక్సిన్ ఆల్ఫానీ పట్టుకుంటుంది, అలాంటి ప్రొడక్ట్ ఏ టార్గెట్ కింద వస్తుందో, రెండిటి మీదా రాయల్టీ వస్తుందా అన్నది ముందే తేల్చుకోవాలి.

ఒక్క ప్రొటీన్ కాని టార్గెట్లు ఉంటాయి. ఐఎల్-23 అనే సైటోకైన్ (కణాల మధ్య సంకేతాలు మోసే ప్రొటీన్) అంటే పీ19, పీ40 అనే రెండు ముక్కల జత, అందులో పీ40 ఐఎల్-12లో కూడా ఉంటుంది. ఉస్టెకినుమాబ్ అనే మందు పీ40ని పట్టుకుంటుంది కాబట్టి రెండు సైటోకైన్లనీ ఆపుతుంది, గుసెల్కుమాబ్ పీ19ని పట్టుకుని ఐఎల్-23ని ఒక్కదాన్నే ఆపుతుంది. "ఐఎల్-23" అని ఇచ్చిన కంపెనీ పీ40 ఇచ్చిందా, లేదా? జవాబు అగ్రిమెంట్‌లో లేకపోతే ఆర్బిట్రేషన్‌లో దొరుకుతుంది, దానికి ఏళ్ళు పడుతుంది.

టెబెంటాఫస్ప్ లాంటి మందులు ఇంకో రకం, దానికి 2022 జనవరిలో అమెరికాలో అప్రూవల్ వచ్చింది. అది పట్టుకునేది జీపీ100 ప్రొటీన్‌ని కాదు, ఆ ప్రొటీన్ నుంచి తెగిన చిన్న పెప్టైడ్‌ని హెచ్ఎల్ఏ-ఏ*02:01 అనే మాలిక్యూల్ పట్టుకుని చూపిస్తుంటే ఆ జతని. ఇలాంటి చోట పెప్టైడ్ అక్షరాలు, హెచ్ఎల్ఏ రకం రెండూ రాయాలి. దాని రెండో చేయి టీ సెల్ మీదున్న సీడీ3ని పట్టుకుంటుంది, దీన్ని అస్సలు మర్చిపోవద్దు. ఇలా రెండిటిని పట్టుకునే బైస్పెసిఫిక్‌లో సీడీ3 కూడా ఎక్స్‌క్లూజివ్ టార్గెట్‌గా లెక్కలోకి వచ్చిందా, ఇక మీరు టీ సెల్ ఎంగేజర్ (టీ సెల్‌ని జబ్బు కణం మీదికి తెచ్చే మందు) డీల్ ఇంకెవరితోనూ చేయలేరు. ప్రొటీన్‌ని కరిగించే డిగ్రేడర్లలో, కరిగించాల్సినదానికి గుర్తు తగిలించే సెరెబ్లాన్ లాంటి ఈ3 లైగేజ్‌ది కూడా ఇదే కథ. అది పనిముట్టు, టార్గెట్ కాదు, అని ఒక లైన్ రాయించుకోండి.

ఇంక మిగిలినవి గబగబా చెప్పేస్తా.

సీక్వెన్స్‌ని అనెక్షర్‌లో పూర్తిగా పెట్టండి. లింక్ పెట్టి ఊరుకోవద్దు.

యాక్సెషన్ నంబర్ (డేటాబేస్ ఎంట్రీ నంబర్) పక్కన వెర్షన్, డేటాబేస్ చూసిన తేదీ రాయండి.

టార్గెట్ల లిస్టుని ఎక్సెల్ నుంచి అతికించొద్దు. సెప్ట్2 అని ఉన్న జీన్‌ని ఎక్సెల్ సెప్టెంబర్ 2 చేసేస్తుంది, ఈ బాధ పడలేకే జీన్ పేర్లు పెట్టే హెచ్‌జీఎన్‌సీ కమిటీ ఆ ఫ్యామిలీ పేర్లే సెప్టిన్2 తరహాలోకి మార్చేసింది. పాత లిస్టులో పాత పేరే ఉంటుంది, కొత్త పేరుతో వెతికితే దొరకదు.

"వగైరా" రాయొద్దు. "సంబంధిత" రాయొద్దు. "ఫ్యామిలీ" రాయొద్దు.

టార్గెట్ ఖాళీగా ఉందో లేదో గేట్‌కీపర్‌ని (ఏ టార్గెట్ ఎవరికి ఇచ్చారో చూసి చెప్పే మధ్యవర్తిని) అడిగేటప్పుడు కూడా సీక్వెన్స్‌తోనే అడగండి. పేరుతో అడిగితే పేరుకే జవాబొస్తుంది, ఖాళీ అంటారు, ఇంకో పేరుతో అదే ప్రొటీన్ అప్పటికే ఎవరికో వెళ్ళిపోయి ఉంటుంది.

జవాబు రాతపూర్వకంగా తీసుకోండి, తేదీతో.

టార్గెట్ మార్చుకునే హక్కు ఇస్తే ఎన్నిసార్లు, ఎప్పటిలోగా, వదిలేసిన టార్గెట్ ఎవరికి తిరిగొస్తుంది, మూడూ రాయండి.

డెఫినిషన్ ఒక్కచోటే ఉండాలి. ఎక్స్‌క్లూజివిటీ క్లాజ్‌లో ఒకటి, మైల్‌స్టోన్ క్లాజ్‌లో ఇంకోటి ఉంటే ఎక్కడ ఎవరికి లాభమో వాళ్ళు అదే చదువుతారు.

పాత అగ్రిమెంట్ నుంచి టార్గెట్ డెఫినిషన్ కాపీ చేయొద్దు. వేరే ప్రొటీన్ కోసం రాసిన తోక ఈ ప్రొటీన్‌కి సరిపోదు.

పాత డీల్స్ అన్నీ ఇప్పుడే తీసి చదవండి, కొత్త డీల్ టేబుల్ మీదకి వచ్చాక కాదు. పేరు, తోక మాత్రమే ఉన్న అగ్రిమెంట్ కనిపిస్తే అవతలివాళ్ళతో సంబంధం బాగున్నప్పుడే ఒక చిన్న అమెండ్‌మెంట్ అడగండి. గొడవ మొదలయ్యాక ఎవరూ ఇవ్వరు.

సంతకానికి రెండు రోజుల ముందు ఆరు ప్రొటీన్లు ఒక కాగితం మీద రాయండి: అసలు టార్గెట్, దాని ఇంకో ఐసోఫారమ్, ఒక మ్యూటెంట్, ఫ్యామిలీలో దగ్గరి చెల్లెలు, కోతిలో ఉండే రూపం, అది భాగంగా ఉన్న ఒక కాంప్లెక్స్. మీ సైంటిస్ట్‌ని ఒక గదిలో, లాయర్‌ని ఇంకో గదిలో కూర్చోబెట్టి డెఫినిషన్ చేతికిచ్చి, ఒక్కోదాని పక్కన లోపలా బయటా రాయమనండి. ఒక్కదానిలో తేడా వచ్చినా సంతకం ఆపండి. అనౌన్స్‌మెంట్ తేదీ దాటిపోతే పోనివ్వండి.

సంతకం రోజు పొద్దున ఫైనల్ పీడీఎఫ్ తెరిచి అనెక్షర్‌లో సీక్వెన్స్ నిజంగా ఉందో లేదో మీ కళ్ళతో చూడండి. "తర్వాత జతచేయబడును" అని ఉన్న ఖాళీ పేజీ మీద రెండు కంపెనీలూ సంతకం పెట్టడం నేను చూశాను, ఆ పేజీ ఇప్పటికీ ఖాళీగానే ఉంది.